ఫిలిప్పీన్స్ పూల్‌లో (టేబుల్ మీద క్యూ కర్రతో బంతులు పాకెట్లలో పడేసే ఆట) టాప్ 10 ఎవరు? ఎఫ్రెన్ తర్వాత వరస చెప్పండి

బీచ్‌రోడ్_బాబ్జి:
ఎఫ్రెన్ రేయెస్ నంబర్ వన్ అనే దాని మీద ఎవరికీ పేచీ లేదనుకుంటాను, తగువంతా రెండో స్థానం నుంచే. నా వరస ఇది: రేయెస్, బుస్టమాంటే, బియాడో, ఆల్కానో, ఒర్కోలో, పగులాయన్, పరికా, కోర్టేజా, జొహాన్ చువా, జెఫ్రీ డి లూనా. మొత్తం కెరీర్ చూశాను, ఒక్క ఏడాది ఫామ్ కాదు. ప్రపంచ టైటిళ్లకి మార్కులు ఎక్కువ వేశాను కానీ వాటితోనే సరిపెట్టలేదు, ఎవరి మీద గెలిచాడు, నైన్ బాల్ ఒక్కటేనా లేక ఎయిట్ బాల్, టెన్ బాల్, వన్ పాకెట్ లాంటి మిగతా పూల్ రకాలు కూడా ఆడగలడా అన్నది కూడా లెక్కలోకి తీసుకున్నాను. అభ్యంతరాలుంటే చెప్పండి, కానీ ఊరికే ఒక పేరు పడేసి వెళ్లిపోకండి, ఎందుకో రాయండి.

సిరిపురం_శ్రీను:
బియాడో మూడోవాడా? అన్నా, ఇది అన్యాయం. 2017లో దోహాలో వరల్డ్ నైన్ బాల్, ఫైనల్లో తన దేశం వాడే రోలండ్ గార్సియా మీద 13-5. మళ్లీ 2025లో జెడ్డాలో వరల్డ్ నైన్ బాల్, ఈసారి ఫెదోర్ గోర్స్ట్ మీద 15-13. మధ్యలో 2021 యూఎస్ ఓపెన్ నైన్ బాల్. ఆ ఫైనల్ చూడని వాళ్లు ముందు అది చూసి రండి, సింగపూర్ కుర్రాడు అలోయిసియస్ యాప్ 8-3 ఆధిక్యంలో ఉన్నాడు, అక్కడి నుంచి యాప్‌కి ఇంకో గేమ్ దక్కలేదు, బియాడో వరసగా పది కొట్టి 13-8తో ముగించాడు. నైన్ బాల్ వరల్డ్ టైటిల్ రెండుసార్లు గెలిచిన ఫిలిప్పీన్స్ మగ ఆటగాడు ఇంకెవరు ఉన్నారు చెప్పండి. ఎఫ్రెన్‌కి కూడా అది ఒక్కటే. బుస్టమాంటేకి ఒక్కటే. టైటిళ్లు కాకపోతే ఇంకేం చూసి ర్యాంకు ఇస్తాం?

కంచరపాలెం_కిట్టు:
శ్రీను అన్న చెప్పింది ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తాను, ఎవరూ తిట్టొద్దు. బియాడోనే నంబర్ వన్ ఎందుకు కాకూడదు? ఇప్పుడు ఆడేవాళ్ల స్థాయి వేరు. యూరప్ నుంచి ఫిల్లర్, షా, అమెరికాకి ఆడే గోర్స్ట్ లాంటి వాళ్లు ఉన్నారు, తైవాన్ నుంచి కో అన్నదమ్ములు, ఇప్పుడు వియత్నాం వాళ్లు కూడా. ఎఫ్రెన్ కాలంలో ఇంత పోటీ ఉందా? పాత వీడియోల్లో ఆయన మ్యాజిక్ షాట్లు చూసి మనం అభిమానంతో మాట్లాడుతున్నాం అనిపిస్తుంది నాకు.

గాజువాక_నావికుడు:
కిట్టూ, తిట్టను గానీ నాలుగు ముక్కలు పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను మర్చంట్ నేవీ. నేను పనిచేసిన ఓడల్లో సిబ్బంది సగం మంది పైనే ఫిలిప్పీన్స్ వాళ్లు. ఓడలో పూల్ టేబుల్ పెట్టినా లాభం ఉండదు, అల వచ్చినప్పుడల్లా బంతులన్నీ ఒక మూలకి పోతాయి, అక్కడ టేబుల్ టెన్నిసే గతి. కానీ రేవులో దిగి టేబుల్ ఉన్న చోటు దొరికిందా, ఇంజిన్ రూమ్‌లో ఫిట్టర్‌గా చేసేవాడు, వంటవాడు, ఎవడైనా సరే, మన పార్లర్లో బాగా ఆడతారని పేరున్న వాళ్లని కూర్చోబెట్టేస్తాడు. ఎలా అని అడిగితే వాళ్లందరి దగ్గరా ఒకటే జవాబు, రొటేషన్.

మనం ఇక్కడ ఎయిట్ బాల్‌తో మొదలుపెడతాం, గీతల బంతులు నీకు, నిండు రంగువి నాకు, తేలిగ్గా కనపడేది ముందు కొట్టుకుంటూ పోతాం. వాళ్ల వాడల్లో రేకుల షెడ్ల కింద టేబుళ్ల మీద చిన్నప్పటి నుంచి ఆడేది రొటేషన్. 15 బంతులూ టేబుల్ మీదే ఉంటాయి, వైట్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) ముందుగా తగలాల్సింది ఎప్పుడూ అన్నిటికంటే చిన్న నంబర్ బంతికే. బంతి మీద ఎంత నంబర్ ఉంటే అన్ని పాయింట్లు. మొత్తం కలిపితే 120, అంటే 61 ఎవరికి ముందు వస్తే వాళ్లది గేమ్. ఇప్పుడు ఆలోచించు, 1 నంబర్ బంతి ఒక మూల, నీ వైట్ ఇంకో మూల, మధ్యలో పద్నాలుగు బంతులు అడ్డం. నేరుగా కనపడదు. కుషన్‌కి, అంటే టేబుల్ అంచుకి, కొట్టి తిప్పి తగిలించాలి. ఇది రోజూ పదిసార్లు ఎదురైతే కుషన్ లెక్క ఒంటికి పట్టేస్తుంది. నైన్ బాల్‌లో తొమ్మిదే బంతులు కాబట్టి వాళ్లకి టేబుల్ ఖాళీగా కనపడుతుంది.

అందుకే నేను ఓడలో వాళ్లని మీ దేశంలో గొప్పవాడు ఎవడు అని అడిగితే ఎవరూ టైటిళ్లు చెప్పరు. పెద్దవాళ్లైతే ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి ఎవరు ఎవరిని ఎన్ని గేమ్‌లకి కొట్టారో చెప్తారు. ఆ లెక్కలో ఎఫ్రెన్ పక్కన నిలబడేది బుస్టమాంటే ఒక్కడే. నా ఓటు బాబ్జి వరసకే.

సిరిపురం_శ్రీను:
అన్నా, ఓడ కబుర్లు బాగున్నాయి కానీ ఫలానా రాత్రి పందేలకి రికార్డు ఎక్కడుంది? రికార్డు లేని ఆటకి ర్యాంకు ఇస్తే ఎవరికి నచ్చినవాడు వాళ్లకి నంబర్ వన్ అయిపోతాడు.

మార్కర్_మాస్టారు:
శ్రీను బాబూ, రికార్డు ఉన్నదే చెప్తాను. నేను చాలాకాలం ఒక క్లబ్బులో మార్కర్‌గా (టేబుల్ చూసుకుంటూ స్కోరు రాసేవాడిగా) చేశాను, బిలియర్డ్స్ కాలం నుంచి ఈ టేబుళ్లు చూస్తున్నవాణ్ణి. కిట్టు అడిగింది మంచి ప్రశ్న, దానికి జవాబు రేసు పొడవులో, అంటే ముందుగా ఎన్ని గేమ్‌లు గెలవాలన్న దాంట్లో ఉంది.

నైన్ బాల్‌లో అదృష్టం పాలు ఎక్కువ. బ్రేక్‌లో, అంటే మొదటి దెబ్బలోనే, 9 పడిపోతే గేమ్ అయిపోయినట్టే. పదమూడు గేమ్‌ల రేసులో కాస్త తక్కువవాడు కూడా మంచి ఆటగాణ్ణి ఓడించగలడు. రేసు పెరిగేకొద్దీ ఆ అదృష్టం కరిగిపోతుంది. 1996లో హాంకాంగ్‌లో ఎఫ్రెన్, ఎర్ల్ స్ట్రిక్లాండ్ మూడు రోజుల పాటు ఆడారు, 120 గేమ్‌లకి రేసు. గెలిచినవాడికి లక్ష డాలర్లు, ఓడినవాడికి ఏమీ లేదు. స్ట్రిక్లాండ్ అంటే ఆషామాషీ మనిషి కాదు, యూఎస్ ఓపెన్ అయిదుసార్లు గెలిచాడు. ఎఫ్రెన్ వెనకబడి కూడా వదలకుండా వచ్చి 120-117తో గెలిచాడు. మూడు రోజులు, రెండు వందల ముప్ఫై ఏడు గేమ్‌లు. ఇంతకంటే గట్టి రికార్డు ఏం కావాలి బాబూ?

ఇక పోటీ లేదన్న మాట. 1985లో ఎఫ్రెన్ మొదట అమెరికా వెళ్లినప్పుడు సొంత పేరుతో ఆడలేదు, సెసార్ మొరాలెస్ అని వేరే పేరు పెట్టుకుని హ్యూస్టన్‌లో టోర్నమెంట్ గెలుచుకుని పోయాడు. అసలు పేరు తెలిస్తే ఆయనతో పందెం కట్టేవాడు ఉండడని. 1994లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, అంతకుముందు అమెరికా వాడు కాకుండా ఇంకెవరూ దాన్ని గెలవలేదు. 1999లో కార్డిఫ్‌లో వరల్డ్ నైన్ బాల్, 2004లో ఫుజైరాలో వరల్డ్ ఎయిట్ బాల్. రెండు రకాల పూల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన మొదటి మనిషి. వన్ పాకెట్ సంగతి ఇంకా ఎత్తలేదు నేను, అందులో అమెరికా వాళ్లు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు.

కంచరపాలెం_కిట్టు:
120-117 సంగతి నాకు తెలీదు మాస్టారూ. కానీ అది ఒక్క మనిషితో ఆడిన ఆట. టోర్నమెంట్‌లో నూట ఇరవై ఎనిమిది మందిని దాటుకుని రావడం వేరే కదా. అయినా ఆ జెడ్ షాట్ అంటారు కదా, దాన్ని కూడా కొందరు అదృష్టం అంటారు, మీరేమంటారు?

మార్కర్_మాస్టారు:
దాన్ని అదృష్టం అనేవాళ్లు క్యూ పట్టుకుని ఒకసారి ప్రయత్నించి చూడాలి.

1995, రీనో, ఎదురుగా మళ్లీ స్ట్రిక్లాండే. ఫైనల్లో 12-12, ఇంక ఆఖరి గేమ్. స్ట్రిక్లాండ్ సేఫ్టీ ఆడి దాచేశాడు, 5 నంబర్ బంతి నేరుగా కనపడదు. మామూలు ఆటగాడు ఏం చేస్తాడు, ఎలాగోలా 5కి తగిలిస్తే చాలు ఫౌల్ తప్పుతుంది అనుకుంటాడు, ఎందుకంటే ఫౌల్ అయితే వైట్ అవతలివాడి చేతికి వెళ్తుంది, స్ట్రిక్లాండ్ చేతికి వైట్ ఇచ్చాక ఇంటికి పోవడమే. ఎఫ్రెన్ వైట్‌ని ఒక కుషన్‌కి కొట్టాడు, అక్కడి నుంచి ఎదుటి కుషన్‌కి, అక్కడి నుంచి 5 మీదకి. తగలడమే కాదు, 5 పాకెట్లో పడింది. పడడమే కాదు, వైట్ వచ్చి 6కి సరైన చోట ఆగింది. అక్కడి నుంచి టేబుల్ మొత్తం క్లియర్ చేసి టోర్నమెంట్ గెలిచాడు.

చూడాల్సింది వేగం. రెండు కుషన్ల మీద వైట్ తిరిగేటప్పుడు సైడ్ (బంతికి పక్కగా ఇచ్చే స్పిన్) కాస్త ఎక్కువైతే రెండో కుషన్ దగ్గర కోణం విచ్చుకుంటుంది, తక్కువైతే ముడుచుకుంటుంది. 5 పడాలంటే ఒక వేగం సరిపోతుంది, కానీ 6 కోసం వైట్ ఆగాలంటే ఇంకో వేగం కావాలి, ఆ రెండూ కలిసే వేగం ఒక్కటే ఉంటుంది. ఆయన వంగింది చూడు, తొందర లేదు, ఒకటికి రెండుసార్లు ఆ గీత కళ్లతో కొలుచుకున్నాడు. నావికుడు బాబు చెప్పిన రొటేషన్ అక్కడ పనికొచ్చింది.

ఎంవీపీ_మాధవి:
మాస్టారు గారు రాసింది చదివి ఆ వీడియో మళ్లీ చూశాను. థాంక్స్.

కానీ ఈ త్రెడ్‌లో ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరికి కూడా రుబిలెన్ అమిత్ పేరు గుర్తుకు రాలేదా? 2009లో ఉమెన్స్ టెన్ బాల్ వరల్డ్ చాంపియన్, ఫిలిప్పీన్స్ నుంచి ఆ స్థాయికి వెళ్లిన మొదటి మహిళ. 2013లో మళ్లీ అదే టైటిల్, ఫైనల్లో కెలీ ఫిషర్ మీద. ఆ తర్వాత పదకొండేళ్లకి, 2024లో న్యూజిలాండ్ హామిల్టన్‌లో నైన్ బాల్ వరల్డ్ టైటిల్, చెన్ సిమింగ్ మీద. మూడు ప్రపంచ టైటిళ్లు, రెండు రకాల ఆటల్లో. శ్రీను గారూ, టైటిళ్లే కొలమానం అన్నారు కదా, మీ లెక్క ప్రకారం ఆమె ఎక్కడుండాలి? చెజ్కా సెంటెనో కూడా ఉంది, 2023లో ఆస్ట్రియాలో టెన్ బాల్ వరల్డ్ చాంపియన్, ఇంకా స్కూల్ వయసులోనే 2015 సీ గేమ్స్‌లో (ఆగ్నేయాసియా క్రీడలు) బంగారు పతకం కొట్టిన అమ్మాయి.

సిరిపురం_శ్రీను:
మాధవి గారూ, ఆడవాళ్ల టూర్ వేరు కదా, ప్రత్యర్థులు వేరు. ఒకే వరసలో పెడితే ఎలా పోల్చాలి? నా ఉద్దేశం వేరే జాబితా ఉండాలి అని.

ఎంవీపీ_మాధవి:
వేరే జాబితా ఉండాలంటే ఉండనివ్వండి, కానీ అప్పుడు త్రెడ్ పేరు "మగ ఆటగాళ్లలో టాప్ 10" అని పెట్టాలి. ఫిలిప్పీన్స్ పూల్‌లో అని పెట్టారు. పైగా బాబ్జి గారి జాబితాలో ఆఖరి ఇద్దరికీ సింగిల్స్ వరల్డ్ టైటిల్ లేదు.

ఇంకో మాట. రుబిలెన్ మొదటి టైటిల్‌కీ మూడో టైటిల్‌కీ మధ్య పదిహేనేళ్లు. ఈ మధ్యలో చైనా అమ్మాయిలు ఎంతమంది వచ్చారో, వాళ్లకి ఎలాంటి శిక్షణ ఉంటుందో ఈ ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. వాళ్లని దాటి నలభై దాటాక మళ్లీ గెలవడం అంటే మాటలు కాదు. నేను ఆడే పార్లర్లో సాయంత్రం ఆరు దాటితే అమ్మాయిలు ఇద్దరు ముగ్గురం కూడా ఉండం. టేబుల్ ఖాళీగా ఉన్నా సరే మీతో వచ్చిన వాళ్లెవరు అని అడుగుతారు. అలాంటి చోట ఫోన్‌లో రుబిలెన్ మ్యాచ్ పెట్టుకుని చూసి, ఆమె బ్రిడ్జ్ చెయ్యి (క్యూని ఆనించే చెయ్యి) ఎలా పెడుతుందో చూసి నేర్చుకున్నదాన్ని. పేరు కనపడకపోతే నాకు ఊరుకోబుద్ధి కాదు.

బీచ్‌రోడ్_బాబ్జి:
మాధవి గారు చెప్పింది న్యాయం. రుబిలెన్‌ని నాలుగో స్థానంలో పెడుతున్నాను, డి లూనా బయటికి వెళ్తాడు. డి లూనా బ్రేక్ బలం అంటే నాకు ఇష్టం, కానీ ఇష్టం వేరు వరస వేరు.

డాల్ఫిన్స్‌నోస్_డేవిడ్:
అందరూ ఫిలిప్పీన్స్ అంటున్నారు, మన దేశం వాళ్లకి ఏం తక్కువ? పంకజ్ అద్వానీకి ప్రపంచ టైటిళ్లు పాతిక దాటాయి. గీత్ సేథీ 1992లో ప్రొఫెషనల్ బిలియర్డ్స్ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఒకే బ్రేక్‌లో, అంటే ఆగకుండా ఒకే విడతలో, 1276 పాయింట్లు కొట్టాడు. విల్సన్ జోన్స్ 1958లోనే ప్రపంచ చాంపియన్, వ్యక్తిగత ఆటల్లో మన దేశానికి మొదటి ప్రపంచ టైటిల్ అది. అసలు స్నూకర్ పుట్టిందే మన జబల్‌పూర్‌లో, రూల్స్ రాసి గోడకి పెట్టింది ఊటీ క్లబ్బులో.

గాజువాక_నావికుడు:
డేవిడ్ గురూ, వాళ్లందరికీ దండం పెడతాను, కానీ అది బిలియర్డ్స్, స్నూకర్. పన్నెండు అడుగుల టేబుల్, చిన్న పాకెట్లు, వేరే బంతులు. ఇక్కడ మాట పూల్ గురించి. పూల్‌లో మన దేశం నుంచి ప్రపంచ స్థాయిలో ఆ వరసలో నిలబడ్డ పేరు ఒక్కటి చెప్పు. మన దగ్గర క్లబ్బుల్లో బ్రిటిష్ వాళ్లు వదిలిపోయింది పెద్ద టేబుల్, ఫిలిప్పీన్స్‌లో అమెరికా వాళ్లు వదిలిపోయింది పూల్ టేబుల్. ఏ టేబుల్ మీద పెరిగితే ఆ ఆట వస్తుంది. కాకపోతే ఇంకో తేడా ఉంది, మన దగ్గర పెద్ద టేబుల్ చాలాకాలం క్లబ్బు మెంబర్లకే అందింది, వాళ్ల దగ్గర టేబుల్ వీధిలోకి వచ్చేసింది. ఎఫ్రెన్ అయిదేళ్ల వయసులో మనీలాలో మేనమామ పూల్ హాల్‌కి వచ్చాడు, దాని పేరు లక్కీ 13, టేబుల్ అందక కూల్ డ్రింక్ పెట్టెల మీద నిలబడి ఆడేవాడు, రాత్రి ఆ టేబుల్ మీదే పడుకునేవాడు. మన క్లబ్బుల్లో మార్కర్ల పిల్లలకి ఆ అవకాశం ఎంతమందికి దొరికిందో మాస్టారునే అడగండి.

మార్కర్_మాస్టారు:
దొరికేది కాదు బాబూ. మెంబర్లు రాని వేళ గుడ్డ బ్రష్ చేసి ఇస్త్రీ పెట్టేటప్పుడు రెండు బంతులు కొట్టుకుంటే అదే మహాభాగ్యం. నాతో పనిచేసిన ఒకాయన చేతిలో అద్భుతమైన ఆట ఉండేది, మెంబర్లకి నేర్పడానికే సరిపోయింది ఆయన బతుకు. ఇప్పుడు మన విశాఖలో ద్వారకానగర్‌లో, ఎంవీపీలో, గాజువాకలో గంటకి డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు. అది మంచి మార్పు.

ఇంకొకటి చెప్తాను, మన ఊరి వాళ్లకి పనికొచ్చేది. సముద్రం గాలికి మన టేబుల్ గుడ్డ తేమ పడుతుంది, ఏసీ ఆపిన గంటకే వైట్ బరువుగా దొర్లుతుంది, కుషన్ తిరిగి వచ్చే కోణం మారిపోతుంది. మనీలా గాలి కూడా ఇలాంటిదే. నిదానంగా ఉన్న గుడ్డ మీద బంతిని దూరం పంపాలంటే పొడవాటి, వదులైన స్ట్రోక్ కావాలి. ఫిలిప్పీన్స్ వాళ్లందరి చేతుల్లో కనపడే ఆ జారుడు స్ట్రోక్ అక్కడి నుంచి వచ్చిందని నా నమ్మకం. బుస్టమాంటే చెయ్యి చూడండి, క్యూ చివర గుడ్డని తాకేంత కిందకి పెట్టి ఊపుతాడు, క్యూ మొత్తం పాములా కదులుతుంది, ఇతను వైట్ కింద కొడతాడేమో అనుకుంటాం, ఆఖరి స్ట్రోక్‌లో మాత్రం సరిగ్గా కావలసిన చోట తగులుతుంది. పుస్తకం ప్రకారం అది తప్పు పద్ధతి. మన కుర్రాళ్లు కొందరు అది చూసి ఊపడం మొదలుపెట్టారు. ఊపు వస్తుంది గానీ ఆఖరి క్షణంలో చెయ్యి సర్దుకోవడం రాదు. ముందు క్యూ తిన్నగా వెళ్లడం నేర్చుకోండి.

సిరిపురం_శ్రీను:
సరే, స్ట్రోక్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మళ్లీ అడుగుతున్నాను, బియాడో కంటే బుస్టమాంటే పైన ఎందుకు?

గాజువాక_నావికుడు:
2002 కార్డిఫ్ వరల్డ్ చాంపియన్‌షిప్. టోర్నమెంట్ మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, పసికూతురు చనిపోయిందని. మనిషి వెనక్కి వెళ్లిపోవాల్సింది, ఆడాడు. ఫైనల్ దాకా వచ్చాడు, స్ట్రిక్లాండ్ చేతిలో 17-15తో ఓడిపోయాడు. రెండు గేమ్‌లు. ఓడలో ఉండగా ఇంటి నుంచి అలాంటి కబురు వచ్చిన వాళ్లని నేను చూశాను, చేతిలో స్పానర్ నిలబడదు. ఆ చేత్తో క్యూ పట్టుకుని ప్రపంచ ఫైనల్ ఆడడం నా ఊహకి అందదు. ఎనిమిదేళ్ల తర్వాత 2010లో దోహాలో అదే టైటిల్ గెలిచాడు, అప్పటికి ఆయనకి 46 ఏళ్లు. అదీగాక 2006లో, 2009లో ఎఫ్రెన్‌తో కలిసి ఇద్దరి జట్ల పోటీ వరల్డ్ కప్ ఆఫ్ పూల్. డెర్బీ సిటీ టోర్నమెంట్‌లో వన్ పాకెట్, బ్యాంక్, నైన్ బాల్ మూడు రకాలూ ఆడితే గానీ రాని ఆల్‌రౌండ్ టైటిల్ కూడా ఆయన ఖాతాలో ఉంది.

బియాడో గొప్పవాడే. ఒకప్పుడు గోల్ఫ్ కోర్సులో క్యాడీగా పనిచేసి పైకి వచ్చినవాడు, నాకు అభిమానమే. కానీ మూడో స్థానం అవమానం కాదు కదా.

కంచరపాలెం_కిట్టు:
కార్డిఫ్ సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ర్యాంకు దగ్గర నా మాట నాదే. బాధలో ఆడాడని రెండో స్థానం ఇవ్వలేం. గోర్స్ట్ లాంటి వాణ్ణి 15-13తో ఓడించడం ఇప్పటి కాలంలో అన్నిటికంటే కష్టమైన పని. బియాడో రెండు.

డాల్ఫిన్స్‌నోస్_డేవిడ్:
పగులాయన్ సంగతి ఎవరూ ఎత్తలేదే. 2004లో తైపేలో వరల్డ్ నైన్ బాల్ గెలిచింది కెనడా తరఫున. పుట్టింది ఫిలిప్పీన్స్‌లోనే కానీ చిన్నప్పుడే కెనడా వెళ్లిపోయాడు. ఇతన్ని ఈ వరసలో పెట్టొచ్చా?

సిరిపురం_శ్రీను:
పెట్టకూడదు. టైటిల్ కెనడా ఖాతాలో ఉంది.

ఎంవీపీ_మాధవి:
నాకైతే పెట్టొచ్చనే ఉంది. డబ్బు ఆటలు, ఎగ్జిబిషన్లు మనీలాలో కూడా ఆడాడు, వాళ్ల జనం వాళ్లవాడిగానే చూస్తారు. కానీ జెండా కెనడాది అయినప్పుడు గెలిచిన టైటిల్‌ని మాత్రం ఇక్కడ లెక్కపెట్టకూడదు. అది తీసేస్తే ఎనిమిదో తొమ్మిదో అవుతాడు.

బీచ్‌రోడ్_బాబ్జి:
అది సబబుగా ఉంది. ఆల్కానో గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. 2006 నవంబర్‌లో సొంత దేశం జనం ముందు మనీలాలో రాల్ఫ్ సూకెని 17-11తో ఓడించి వరల్డ్ నైన్ బాల్, ఏడాది తిరగకుండానే 2007లో వరల్డ్ ఎయిట్ బాల్, ఫైనల్లో ఒర్కోలో మీద. సొంత జనం ముందు టెన్షన్ ఎంత ఉంటుందో ఆలోచించండి, ఎఫ్రెన్, బుస్టమాంటే కూడా ఆడుతున్న టోర్నమెంట్‌లో అతను గెలిచాడు. ఒర్కోలో 2011లో ఎయిట్ బాల్ గెలిచాడు కాబట్టి అతని పేరూ వస్తుంది, కానీ ఆ ఫైనల్ వల్ల ఆల్కానో పైన ఉండాలి.

గాజువాక_నావికుడు:
ఒర్కోలోని ఆల్కానో కంటే పైన పెట్టేవాళ్లు వాళ్ల దేశంలో చాలామంది ఉన్నారు. డబ్బు ఆటల్లో ఏళ్ల తరబడి ఒర్కోలోతో పెద్ద పందెం కట్టడానికి ఎవరూ ముందుకి రాలేదు. శ్రీను రికార్డు ఎక్కడ అంటాడు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇంకో సంగతి, టైటిళ్ల లెక్క పెట్టేటప్పుడు డబ్బు సంగతి కూడా మరవొద్దు. 2006లో రీనోలో ఎఫ్రెన్ ఎయిట్ బాల్ వరల్డ్ ఓపెన్ గెలిస్తే మొదటి బహుమతి అయిదు లక్షల డాలర్లు, పూల్‌లో అప్పటికి అంత బహుమతి ఎవరూ ఎరగరు. ఆ టోర్నమెంట్ నడిపిన టూర్ నిలబడలేదు, ఆటగాళ్లకి మొత్తం డబ్బు సక్రమంగా అందలేదు. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడినవాడికి కూడా ఈ ఆటలో అదీ గతి. స్పాన్సర్‌గా పుయాట్ అనే వ్యాపారి లాంటి వాళ్లు నిలబడకపోతే ఎఫ్రెన్, బుస్టమాంటే అన్నిసార్లు విదేశాలు తిరిగేవాళ్లే కాదు. మన దగ్గర పూల్ ఆడే పిల్లలకి అలా నిలబడేవాళ్లు ఎవరున్నారు?

సిరిపురం_శ్రీను:
అది వేరే త్రెడ్ పెట్టాల్సిన సంగతి అన్నా, పెట్టు, నేనూ రాస్తాను. ఇక్కడ నా ఆఖరి మాట, చువా కంటే కోర్టేజా పైన ఎందుకు? 2023లో చువా, అరానాస్ కలిసి స్పెయిన్‌లో వరల్డ్ కప్ ఆఫ్ పూల్ గెలిచారు.

బీచ్‌రోడ్_బాబ్జి:
కోర్టేజా కూడా 2013లో ఒర్కోలోతో కలిసి అదే కప్పు గెలిచాడు కాబట్టి అక్కడ సమానం. పదేళ్ల పైగా పెద్ద టోర్నమెంట్లలో చివరి రౌండ్ల దాకా వస్తూనే ఉన్నాడు, చువా ఇంకా ఆ దారిలో ఉన్నాడు. రెండేళ్లు ఆగి అడుగు, మారుస్తాను. బియాడో, బుస్టమాంటే దగ్గర మాత్రం మన ఓట్లు చీలిపోయాయి, నేను బుస్టమాంటే దగ్గరే ఉంటాను.

కంచరపాలెం_కిట్టు:
మాస్టారూ, ఈ ఆదివారం మా పార్లర్లో రొటేషన్ ఆడదామని నలుగురం అనుకున్నాం. ర్యాక్ ఎలా పెట్టాలి? ఎవరికీ తెలీదు.

మార్కర్_మాస్టారు:
ట్రయాంగిల్ ముందు కొసన 1, వెనక రెండు మూలల్లో 2, 3, నడిమధ్యలో 15. మిగతావి ఎలా ఉన్నా ఫర్వాలేదు. బ్రేక్ 1కే తగలాలి. ముందు చిన్న నంబర్‌కి తగిలి ఆ తర్వాత ఏ బంతి పడినా పాయింట్లు నీవే, కాబట్టి 1ని కొట్టి దాంతో 15ని పడేసే దారి ఉందేమో మొదట చూసుకో, ఒక్క షాట్‌లో పదిహేను వస్తాయి. పాయింట్లు నోటితో లెక్కపెట్టకండి, గొడవలవుతాయి, ఒకరు పలక పట్టుకుని రాయండి. నలుగురూ రెండు జట్లుగా ఆడండి, ముందు 61 చేరిన జట్టుది గేమ్. ఏసీ వేయించాక అరగంట ఆగి మొదలుపెట్టండి, గుడ్డ కాస్త ఆరుతుంది.